నైట్‌మేర్ క్రీడయందలి వాక్యవిచారము

ఇంగ్లండునందలి ఆంగ్లియా టెలివిజను సంస్థవారు నిర్మింపగా 1987వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీ మొదలు 1994వ సంవత్సరము నవంబరు 11వ తేదీ వఱకు ఎనిమిది పరంపరలుగా ప్రదర్శితమైన బాలక్రీడ 'నైట్‌మేర్' అనునది. దీని కల్పకుడు టిమ్ చైల్డ్. పేరునందే శ్లేష కలదు. చెవికి దుస్స్వప్నమను అర్థము తోచును. ఆంగ్లలిపియందు మొదట ఉచ్చారణము లేని యొక యక్షరము చేరుటచే కంటికి వీరయోధుడు గోచరించును. తెలుగు లిపియం దా యక్షరమునకు తావు లేదు గనుక శ్లేషయు మఱుగుపడును.

క్రీడాస్వరూప మిట్టిది. జట్టునకు నలుగురు బాలురు. అందొకడు మాయామయమైన పాతాళదుర్గమును ప్రవేశించును. తక్కిన మువ్వురు వెలుపల కూర్చుండి, తెరపై వానిని చూచుచు, మాటలచే నడపింతురు. దుర్గాధిపతియగు ట్రెగార్డు పాత్రమును హ్యూగో మయాట్ ధరించెను. అతడు సూత్రధారునివలె ఆద్యంతము నిలుచును. ప్రవిష్టుడైన బాలకుని తలపై న్యాయశిరస్త్రాణమను పేర నొక బోరుతల యుంచబడును. అందుచే వానికి ఎదుటిది కానరాదు. నిజమునకు వాడు నడచునది నీలవర్ణపు వట్టి గది. డేవిడ్ రో చిత్రించిన శిలాగృహములు యంత్రసాహాయ్యమున ఆ నీలిమ స్థానమున తెరపై కూర్పబడును. వట్టి గదిని బాలకుడు చూడకుండుట శిరస్త్రాణమునకు లౌకికప్రయోజనము. మిత్రుల మాటయే వానికి కన్నగుట కథాప్రయోజనము. ఒక్క యుపాయముచే రెండు ప్రయోజనములు సిద్ధించుట కల్పకుని నేర్పునకు తార్కాణము.

ఈ క్రీడాభిమానులలో చిరకాలముగా నొక వివాదము కలదు. ఎనిమిది పరంపరలయందును కడముట్ట గెలిచిన జట్లు ఎనిమిదియే. మొదటి పరంపరయందును మూడవదానియందును ఒక్క జట్టయినను గెలువలేదు. బాలుర కింత కాఠిన్యము తగదని కొందఱును, కాఠిన్యమే దీనికి ప్రాణమని మఱికొందఱును వాదింతురు. జయసంఖ్యనే పట్టుకొన్నంతకాలము ఈ వాదము తెగదు. ఓటమి యే వాక్యదోషమువలన కలిగినదని విచారించినచో తెగును.

వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్షా యోగ్యతా సన్నిధులు కారణములని శాస్త్రసిద్ధము. ప్రవిష్టుడు గదిలో అడుగిడగనే తా నెక్కడ నున్నాడని యడుగును. నీవొక గదిలో నున్నావని మిత్రులు చెప్పుదురు. అభిమానులు నేటికిని తలచుకొని నవ్వుకొను మాట యిది. ఈ వాక్యమున బాధ లేదు. పదములు చేరువగానే యున్నవి. అయినను, ఆకాంక్ష యన శ్రోతయొక్క జిజ్ఞాసయే యను మతము ననుసరించినచో, అది యిందు తీరలేదు. వాకిలి యెటు? బల్లపై నేమున్నది? ఎదుట నిలిచినవా డెవడు? ఇవి తెలియని వానికి గది గదియని తెలిసి ఫలమేమి?

సన్నిధిలోపమునకు ఖడ్గసంచారమార్గము ఉదాహరణము. అచ్చట కత్తులు మీదికి వచ్చుచుండగా ప్రవిష్టుడు పక్కకు తొలగవలెను. తొలగుమను మాట క్షణము జాగైనచో, వ్యాకరణమునకు శుద్ధమే యైనను ప్రాణరక్షణకు వ్యర్థము. ఒకడు కుడికనియు మఱొకడు ఎడమకనియు ఒక్కమాఱు పలుకుట యోగ్యతకు భంగము. అంతకంటె సూక్ష్మమైనది దిగ్భ్రమ. తెరవైపు మొగము త్రిప్పిన బాలకుని కుడి చూచువారికి ఎడమ. తమ కుడిని వాని కుడిగా నెంచినవారు వానిని గోతికే నడపింతురు.

మంత్రప్రయోగము మఱియు మనోహరము. మంత్రనామమును ఒక్కొక్క యక్షరముగా వరుసతో పలికిననే అది ఫలించును. దానిని ఉపసంహరింపవలసినచో ఆ యక్షరములనే తుదినుండి మొదటికి పలుకవలెను. 'సరః', 'రసః' అను శబ్దములయందు వర్ణము లవియే యైనను ఆనుపూర్వీభేదముచే అర్థము మాఱునని పాఠశాలలో బోధింపబడు విషయమే యిచ్చట ఆటయైనది. వర్ణక్రమము తప్పినచో మార్కు పోవుటకు మాఱు మంత్రమే పోవును. ఇంతకంటె చక్కని అక్షరశిక్ష బాలురకు దొరకుట యరుదు.

అయిన నొక ఆక్షేపము. ఓటమి లన్నియు మాటలవలననే కలుగునా? బల్లపైనున్న పెక్కు వస్తువులలో రెంటిని మాత్రమే గైకొనవలసినపుడు, ఏది ముందు అక్కఱకు వచ్చునో బాలు రెట్లెఱుగుదురు? దీనికి సమాధానము విభాగముచే చెప్పవలెను. పత్రమునందో, గోడయందలి రాక్షసముఖముల ప్రశ్నలకు సరియైన యుత్తర మొసగగా లభించిన మాటయందో సూచన యుండి, బాలురు దాని నుపేక్షించినచో దోషము వారిది. సూచన యెందును లేనిచోట దోషము నిర్మాతలదే. విధి లేక ప్రత్యవాయము లేదు. కావున కాఠిన్యమును నిందించువారు ఈ రెండవ పక్షమున గెలుతురు, మొదటిదానియందు ఓడుదురు.

1990వ సంవత్సరమున నాల్గవ పరంపరయందు చిత్రితగృహములు చాలవఱకు తొలగి, నిజమైన కోటల దృశ్యములు వచ్చెను. నేత్రఫలకమను పరికరముచే ప్రవిష్టుని మార్గము చలనచిత్రముగా చూపబడెను. 1994 నాటి కడపటి పరంపరయందు గదులు గణకయంత్రముచే కల్పితము లయ్యెను. ఇందేది సుందరమని అభిమానులు కలహింతురు. సౌందర్య మొకప్రక్క నుండనిండు. నేత్రఫలకమున కనబడు మార్గము ముందే చిత్రీకరింపబడినది. అంతసేపును మిత్రుల మాటకు నడపింపదగినది లేదు. రో చిత్రించిన గదియందు వాకిలి, బల్ల, గోయి అన్నియు ఒక్క చట్రమున నమరి, పలుకబడుటకై వేచియుండును. పూర్వపరంపరల యెడ పెక్కుఱకు గల మక్కువను బాల్యస్మృతి యని త్రోసివేయరాదు. దానికి హేతువు కలదు.

2013వ సంవత్సరమున మయాట్ మరల ట్రెగార్డుగా నిలిచి యూట్యూబున ఒక ప్రత్యేకప్రదర్శనము జరిగెను. పందొమ్మిదేండ్ల పిమ్మట నైనను క్రీడ గుర్తింపబడుటకు కోటలు గాని భూతములు గాని కారణములు కావు. కన్ను మూయబడిన మిత్రునికి యథార్థమును, వలసినంతయే, వలసిన క్షణమున చెప్పువాడే ఆప్తుడు. చెప్పజాలనివాడు ఎంత స్నేహితుడైనను ఆప్తుడు కాడని యీ యాట బాలురకు నేర్పినది. ఎనిమిది జట్లే గెలుచుట ఆ పాఠముయొక్క గౌరవమునకు లోపము కాదు.