గడప దాటాక ఎన్ని కిలోమీటర్లు?

ఇబ్సెన్ నోరా 1879లో తలుపు మూసి వెళ్లిపోయింది. ఆ తలుపు చప్పుడు గురించి ప్రపంచమంతా రాశారు. ఆ రాత్రికి స్నేహితురాలి ఇల్లు, మర్నాడు సొంత ఊరు అని నోరా చెబుతుంది. ఆ తర్వాతి నెల సంగతి నాటకంలో లేదు. 1923 డిసెంబరులో బీజింగ్‌లో ఒక మహిళా విద్యాలయంలో మాట్లాడుతూ లూ సున్ ఆ ప్రశ్నే వేశాడు: నోరా వెళ్లిపోయాక ఏమవుతుంది? చేతిలో డబ్బు లేకపోతే చెడిపోవడమో తిరిగి రావడమో తప్ప మరో దారి కనబడటం లేదన్నాడు. కటువుగా ఉన్నా, అప్పటికి నిజం.

నేను నోరాని కాదు. డబ్బు ప్రశ్న నాకు పాతికేళ్ల కిందటే తీరింది. మా ఇంట్లో నోరా భర్తలాంటి వాళ్లూ లేరు. వనస్థలిపురంలో అమ్మ, తమ్ముడు, మరదలు, వాళ్ల పాప, పెళ్లి చేసుకోని నేను. పటాన్‌చెరు దగ్గర ఒక కాలేజీలో పాఠం చెప్తాను. ఎల్బీనగర్ దాకా ఆటో, అక్కణ్ణించి మియాపూర్ దాకా మెట్రో, ఆ పైన బస్సు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. వారానికి ఆరు రోజులు. లెక్క వేస్తే వారంలో సరిగ్గా ఒక పగలూ ఒక రాత్రీ రోడ్డు మీదే. కాలేజీకి దగ్గర్లో చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుందామా వద్దా అని ఏడాదిగా తేల్చుకోలేకుండా ఉన్నాను. తోడు కోసం, అలవాటు కొద్దీ, మన కథల్నీ నవలల్నీ మళ్లీ తిరగేశాను.

చలం 'మైదానం' 1927లో వచ్చింది, ఓల్గా 'స్వేచ్ఛ' 1987లో. రాజేశ్వరి ప్లీడరు భర్త గడప దాటి అమీర్‌తో వెళ్లిపోతుంది. పుట్టింటి కట్టుబాట్ల నుంచి తప్పించుకోవడానికి పెళ్లే దారి అనుకున్న అరుణ, ఆ పెళ్లిలోనూ ఊపిరాడక బయటికి నడుస్తుంది. ఈ రెండు నవలల దృష్టి వేరు, లక్ష్యం వేరు. అయినా అరవై ఏళ్ల ఎడంలోనూ మారనిది ఒకటుంది: ఆడది గడప దాటాలంటే లోపల భరించలేనిది ఏదో ఉండాలి. అలా రాయడం అవసరమైంది. లోపల ఏముందో బయటపెట్టిన రచనలవి, మా తరాన్ని నిలబెట్టినవి. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే ఆ కథల బలమే ఇవాళ నాకు అడ్డం పడుతోంది. ఇల్లు మారదామనుకుంటున్నానని చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట, "నీకేం తక్కువ చేశామే? మరదలేమన్నా అందా?" స్టాఫ్ రూములో, స్త్రీవాదం మీద పేపర్లు సమర్పించిన సహోద్యోగిని కూడా గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమైంది?" అంది. ఏమీ కాలేదంటే నమ్మదు. వెళ్లిపోయే ఆడదాని వెనక ఒక దుర్మార్గుడో దుర్మార్గురాలో ఉండాలని మనం అంతగా చదువుకున్నాం. నేను పెట్టె సర్దితే, నా మరదలు ఏ పాపం ఎరగకుండానే బంధువులందరి నోళ్లలో ఆడబిడ్డని వెళ్లగొట్టిన మనిషైపోతుంది. కారణం దూరం అని చెబితే కథగా నిలవదు కాబోలు.

భాషలోనూ ఇదే చిక్కు. ఆడపిల్లకి పుట్టిల్లు ఉంది, మెట్టినిల్లు ఉంది. మొగుడూ పెళ్ళాం విడిగా ఉంటే వేరు కాపురం. మగపిల్లాడు ఉద్యోగం కోసం వెళ్తే 'రూము తీసుకున్నాడు' అంటాం, ఎవరూ కారణం అడగరు. యాభైకి దగ్గరపడిన ఆడమనిషి ఒక్కతీ అద్దెకు తీసుకునే ఇంటిని ఏమనాలి? "పెళ్లి లేకుండా వేరు కాపురమేంటే" అని అమ్మ విస్తుపోవడంలో కోపం కంటే మాట దొరక్కపోవడమే ఎక్కువగా కనిపించింది నాకు.

వర్జీనియా ఉల్ఫ్ 1929లో స్త్రీకి సొంత గదీ ఏడాదికి 500 పౌన్లూ కావాలంది. ఆ పౌన్లు ఎక్కణ్ణించి వచ్చాయో మనం అంతగా గుర్తుపెట్టుకోం. వ్యాసంలో మాట్లాడే ఆవిడకి అవి మేనత్త రాసిచ్చిన ఆస్తి. ఆ మేనత్త బొంబాయిలో గుర్రం మీంచి పడి పోయింది. అంటే ఆ గదిలోంచి లేచి పనికి పరుగెత్తాల్సిన అవసరం లేదు. గదికీ జీతానికీ మధ్య ఎంత దూరమన్న ప్రశ్న ఆ పుస్తకంలో రాకపోవడానికి కారణం అదే అనుకుంటాను. మన గదికి డబ్బు తెచ్చేది మన ఉద్యోగమే, ఆ ఉద్యోగానికి దారి ఉంటుంది, ఆ దారికి గంటలు ఖర్చవుతాయి.

తమ్ముడు మంచివాడు. వాడి వాదన సూటిగా ఉంది: "బస్సు ఫ్రీ కదక్కా, అద్దెకి వేలకి వేలు తగలేయడం దేనికి?" తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. ఎందరో ఇళ్లల్లోంచి కదలగలిగారు, నాకు ఆ జీరో టికెట్ అంటే గౌరవమే. మెట్రో వదిలేసి మొత్తం బస్సులోనే వెళ్తే పైసా ఖర్చవదు, ఇంకో గంట పోతుంది. టికెట్‌కి డబ్బు లేదు గనక ఆ గంటకీ విలువ లేదన్నట్టు మాట్లాడుతున్నాడు వాడు. 2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు పెట్టేది 88. ఉద్యోగానికి వెళ్లొచ్చే ప్రయాణం ఈ నిమిషాల్లో లేదు, దాన్ని ఉద్యోగం కిందే లెక్కేస్తారు. జీతం మాత్రం దానికి ఎవరూ కట్టరు. అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం'లో ఇల్లాలు కోరేది కంటినిండా నిద్ర. నాలుగున్నరకి లేచే నాకు మెట్రోలో సీటు దొరికిన రోజున ఆ కథ గుర్తొస్తుంది.

ఇల్లు వెతకడం మొదలుపెట్టాక తెలిసిందేమంటే, గేటుకి వేలాడే 'టు లెట్' బోర్డు కింద కనబడని అక్షరాలు చాలా ఉంటాయి. "ఫ్యామిలీకే ఇస్తామండీ." "మీతో ఎవరుంటారు?" "మగవాళ్లెవరైనా వస్తుంటారా?" ఒకావిడ మా తమ్ముణ్ణి తీసుకొచ్చి మాట్లాడించమంది. ఆమె కొడుకు కంటే నా తమ్ముడు చిన్నవాడు. అగ్రిమెంటు కాగితం మీద నా పేరు పక్కన ఎవరి కూతురో ఎవరి భార్యో రాయాలి. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ పేరు మరిచిపోయిన ఇల్లాలు గుర్తుంది కదా! అద్దె కట్టి తెచ్చుకునే ఇంట్లోనూ పేరొక్కటే చాలదు. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు. మన నవలలు గడప దాటడంతో ముగిసినప్పుడు రాయకుండా వదిలేసిన అధ్యాయం ఇదే. పెద్ద సంఘర్షణ లేదు, అడుగడుగునా చిన్న చిన్న అవమానాలున్నాయి.

ఇంతకంటే కష్టమైనది ఇంకొకటి. పొద్దున వంట, అమ్మ మాత్రలు, ఆమె మోకాళ్లకి కాపడం, రాత్రి పాప హోంవర్కు నావి. మరదలు దగ్గర్లోనే ప్రైవేటు స్కూల్లో టీచరు. "మీరెళ్తే నేను ఉద్యోగం మానాల్సొస్తుందేమో వదినా" అంది, నిష్ఠూరంగా కాదు, ఉన్నమాటగా. ఆ మాట తర్వాత వారం రోజులు నేను ఏ ఇల్లూ చూడలేదు. ఒక స్త్రీ స్వేచ్ఛగా నడిచిపోయిన పేజీ వెనక, ఆ పొద్దుటి పొయ్యి ఎవరు వెలిగించారో మన సాహిత్య విమర్శ అడిగినట్టు లేదు. నేనూ నా తరగతి గదిలో అడగలేదు, ఈ ఏడాది అడుగుతాను.

ఇల్లు తీసుకోవాలనే నిర్ణయించుకున్నాను. నా పని మరదలి నెత్తిన పడే షరతు మీద మాత్రం కాదు. పోయిన ఆదివారం అందరం కూర్చుని నా పనుల జాబితా తమ్ముడి ముందు పెట్టాం. అమ్మకి అది నచ్చలేదు, మగపిల్లాడి చేత కాపడం పెట్టించుకోవడం ఏమిటని మొహం తిప్పుకుంది. వాడు ఐదింటికి అలారం పెట్టుకుంటానన్నాడు. ఈ వారం మూడు రోజులు లేచాడు.