గీతను వంచిన చెయ్యి

తోటపల్లి గూడూరు మండలం కోడూరు తీరంలో, ఇసుక మీదికి లాగిపెట్టిన ఫైబర్ పడవ అంచు చూడండి. రంగు పెచ్చులూడిన చోట పొరలు బయటపడతాయి: గాజు నార, రెజిన్, మళ్లీ నార. పొర వెంబడి లాగితే గాజుపోగులు భారం మోస్తాయి. పొరకూ పొరకూ నడుమ మాత్రం పోగన్నది లేదు, అంతా రెజినే. అల అడుగున గుద్దితే పలక వంగుతుంది, పొర మీద పొర జారాలని చూస్తుంది. పైకి గీత పడకుండానే లోపల విడిపోవచ్చు.

ఆ జారుడును లెక్కలో పట్టిన ఒక సౌందర్యం ఉంది. 1984 నాటి పరిశోధన పత్రమది. రాసింది వరంగల్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి, అప్పటికి వర్జీనియా టెక్‌లో ఆచార్యుడిగా ఉన్న జె.ఎన్. రెడ్డి.

పలక మందంలో నిటారుగా ఒక గీత ఊహించుకోండి. పలక వంగినా గీత తిన్నగా, పలకకు లంబంగా ఉంటుందన్నాడు కిర్కాఫ్, 1850లో. తిన్నగానే ఉంటుంది గానీ వాలుతుందన్నాడు మిండ్లిన్, 1951లో. వాలనిచ్చాడు, బాగుంది. అయితే జారుడు బలం పైనుంచి కిందిదాకా ఒకే తీరున వచ్చింది. పలక పై ముఖాన, కింది ముఖాన అది సున్నా కావాలి కదా, అక్కడ పక్కకు లాగేదేమీ లేదే! తేడా సర్దడానికి ఓ దిద్దుబాటు గుణకం తగిలించారు, చాలాచోట్ల 5/6. అతుకు అతుకే.

రెడ్డి ఆ గీతనే వంచారు. ఘనసమీకరణపు ఒంపు అది. రెండు ముఖాల దగ్గరా జారుడు బలం దానంతటదే సున్నా అవుతుంది, గుణకం అక్కర్లేదు. ఇక తెలియని రాశులో, మిండ్లిన్ పద్ధతిలోలాగే ఐదు! ఒంపు వెంట వచ్చిన కొత్త రాశులన్నిటినీ ఆ సున్నా షరతులే మింగేశాయి. గణం పెంచకుండా పద్యానికి కొత్త నడక తెచ్చిన కవిని చూసినట్టుంటుంది. ఆ పేజీ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

హద్దు లేదని కాదు. మందమంతటికీ ఒకే నునుపైన ఒంపు కనుక, గట్టి పొర మెత్తటి పొరను తాకే సరిహద్దులో జారుడు బలానికి రెండు విలువలొస్తాయి. నిజంలో అక్కడ ఉండేది ఒక్కటే. 1987లో రెడ్డిగారే పొరపొరకూ విడిగా లెక్కకట్టే సిద్ధాంతం ఇచ్చారు. కచ్చితత్వం పెరిగింది, పొరలతోపాటు రాశులూ పెరిగాయి, ఐదింటి పొదుపు పోయింది. పొరలు ఎక్కడ విడతాయో తేల్చాల్సిన ఇంజినీరుకు ఆ రెండోదే కావాలి. నాకు మాత్రం మొదటిదే.