బరువు దిగుతుంటే నడిచే గడియారం

వియన్నాలో సరిచేసిన లోలకం గడియారాన్ని కామారెడ్డి జిల్లా మద్నూర్‌కు తెచ్చి, అలాగే గోడకు తగిలిస్తే రోజుకు ఒకటిన్నర నిమిషానికి పైగా వెనకబడుతుంది. గడియారంలో లోపమేమీ లేదు. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ భూమి లాగే బలం కాస్త తగ్గుతుంది, లోలకం నింపాదిగా ఊగుతుంది. 1672లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ రిషే దక్షిణ అమెరికాలోని కాయెన్‌కు వెళ్లినప్పుడు గమనించింది ఇదే. ప్యారిస్‌లో సరిగ్గా నడిచిన ఆయన గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు ఆలస్యమైంది. వియన్నా గడియారానికి మందు చిన్నదే. లోలకం మీటరు పొడవుదైతే, అడుగున ఉన్న మరను తిప్పి బిళ్లను రెండున్నర మిల్లీమీటర్లు పైకి జరిపితే సరి.

మన పాత ఇళ్లలో కనిపించే గోడ గడియారాల్లో ఎక్కువ స్ప్రింగువే. అమెరికా అన్సోనియా, జర్మనీ యుంగ్‌హన్స్, జపాన్ సెయికోషా అలా వచ్చినవే. బరువువి అరుదు. అద్దం వెనక లోలకంతో పాటు ఇత్తడి తొడుగున్న బరువు వేలాడుతుంటే అది ఆ జాతిది. చావి తిప్పితే డ్రమ్ముకు తీగ చుట్టుకుని బరువు పైకెక్కుతుంది, వారం పాటు మెల్లగా దిగుతూ చక్రాలను తిప్పుతుంది. స్ప్రింగు బిగువు రోజురోజుకూ సడలుతుంది. బరువుకు మొదటి రోజూ ఒకటే, చివరి రోజూ ఒకటే. ఖగోళశాలలు దాన్ని నమ్ముకున్నది అందుకే.

1889లో చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు పెట్టిన హైదరాబాద్ రాజ్యంలోనే అప్పుడు మద్నూరూ ఉండేది. ఇవాళ ఆ కాలపు గడియారం చేతికొస్తే అందరూ ముందు చూసేది చెక్క పెట్టెనూ, దాని మెరుపునూ. చూడాల్సింది లోపల.

ఇరుసు కొసలు తిరిగే రంధ్రాలు గుండ్రంగా ఉండాలి. పాత నూనెలో దుమ్ము కలిసి గట్టిపడితే అది సానపొడిలా ఇత్తడిని తినేస్తుంది. రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, చక్రాల పళ్లు సరిగ్గా కలవవు. అప్పుడు కొత్త బుష్ వేయించడమే దారి. ఆగిపోయిందని ఇంకాస్త బరువు తగిలించేవాళ్లుంటారు. ఇంతకన్నా చెడ్డ వైద్యం లేదు. మురికితో నిలిచిన యంత్రం మళ్లీ నడుస్తుంది, నిజమే, కానీ అరుగుదల ఇంకా పెరుగుతుంది. కొబ్బరినూనె పోయడమూ అలాంటిదే. నూనె ఇరుసు కొసలకు ఒక్కో చుక్క చాలు, చక్రాల పళ్లకు అసలు అక్కర్లేదు.

తర్వాత చెవి పెట్టాలి. టిక్కుకూ టక్కుకూ మధ్య వ్యవధి సమానంగా లేకపోతే గడియారం కుంటుతున్నట్టే. చాలాసార్లు పెట్టె ఒక పక్కకు ఒరిగి ఉండటమే కారణం.

ఎండ సంగతి వేరు. ఉక్కు కడ్డీ లోలకం ఒక్కో డిగ్రీ వేడికి రోజుకు అర సెకను ఆలస్యమవుతుంది. జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా ఉంటే రోజుకు పావు నిమిషం పోయినట్టే. వియన్నా పనివాళ్లు వార్నిష్ పూసిన చెక్క కడ్డీ వాడింది ఇందుకే. చెక్క వేడికి అంతగా సాగదు.

కొన్ని గడియారాలు ఐదారు రోజులు బాగా నడిచి, ఆపైన ఏ కారణమూ లేనట్టు ఆగిపోతాయి. బరువు దిగుతూ లోలకం బిళ్ల మట్టానికి వచ్చేసరికి అదీ దాంతో పాటు ఊగడం మొదలెట్టి, లోలకం శక్తిని లాక్కుంటుంది. పెట్టె గోడకు వదులుగా వేలాడితేనే ఈ చిక్కు. యంత్రం విప్పక్కర్లేదు, పెట్టె అడుగున రెండు మరలతో గోడకు బిగిస్తే చాలు.