ఉప్పల్‌లో విప్రలంభం

ఇరవై ఓవర్లలో 214 కొట్టి ఓడిపోవచ్చా? 2008 ఏప్రిల్ 24న ఉప్పల్ స్టేడియంలో హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ ఓడిపోయింది. ఆండ్రూ సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. రాజస్థాన్ రాయల్స్‌కి చివరి ఓవర్లో 17 కావాలి. బంతి పట్టుకున్నదీ ఆ సైమండ్సే. ఎదుట షేన్ వార్న్, బ్యాటుతో పేరు తెచ్చుకున్నవాడేం కాదు. రెండు సిక్సులు బాదాడు. ఇంకో బంతి మిగిలుండగానే ఆట ముగిసింది. నూటపదిహేడు కట్టిన చెయ్యే దాన్ని కూల్చింది. ఏ నాటకకర్తయినా ఇలా రాస్తే అతి చేశాడని పక్కన పెట్టేస్తాం. స్కోరుకార్డుని అలా పక్కన పెట్టలేం.

ఏటా ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలవుతుంది, భావనపాడులో పడవలు ఒడ్డుకెక్కుతాయి. 2008లో మొట్టమొదటి ఐపీఎల్ సరిగ్గా మూడు రోజుల తర్వాత మొదలైంది. అందుకేనేమో, నిషేధం రోజులొస్తే మా మేనల్లుడికీ నాకూ ఆ సీజన్ మీదికే మనసు పోతుంది. అరుగు మీద కార్డులు పరిచి, పాచికలు వేసి దాన్ని మళ్లీ ఆడిస్తాం.

ఈ విద్య బేస్‌బాల్ వాళ్లది. హాల్ రిచ్‌మన్ అనే అమెరికన్ 1961లో స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అనే ఆటని అమ్మకానికి పెట్టాడు. అందులో ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు. ఒక సీజన్లో అతను మైదానంలో చేసిందంతా గడుల్లోకి దిగి ఉంటుంది. వేసేవి మూడు పాచికలు. మొదటి పాచికలో ఒకటి నుంచి మూడు దాకా పడితే బ్యాటర్ కార్డు చూడాలి, నాలుగు నుంచి ఆరు దాకా పడితే పిచర్ కార్డు. ఆ అంకె ఏ నిలువు వరుసో చెబుతుంది, మిగిలిన రెండు పాచికల మొత్తం ఏ గడో చెబుతుంది. ఎంత సొగసైన ఏర్పాటు! ఏం జరిగిందో తెలిసేముందు అది ఎవరి ఖాతాలోదో తేలాలి. సగం కొట్టేవాడిది, సగం వేసేవాడిది. కీర్తినీ నిందనీ ఇంత సమంగా పంచిన ఆట ఇంకోటి నేను చూడలేదు.

దాన్ని క్రికెట్టుకి దించుకుని, ఆ చివరి ఓవరు వేసి చూశాం. మొదటి పాచిక అయిదు. అంటే సైమండ్స్ బౌలింగ్ కార్డు. గడిలో సిక్సు. మావాడు తల పట్టుకున్నాడు: "మళ్లీ ఓడిపోనారేటి మావా! ఇంకోపాలి ఎయ్యి."

ఇంకోపాలి ఆ ఓవరు వేరే బౌలరుకిచ్చాను. గెలిచాం. గెలిచాక ఆ ఆటలో చెప్పుకోడానికేమీ మిగల్లేదు. సీజన్ మొత్తాన్నీ అలాగే చక్కదిద్దుతూ పోతే జట్టు పట్టిక మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, ఉప్పు వెయ్యని పులుసులా.

నిజంగా జరిగిన సీజన్ అలా చప్పగా లేదు. లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, అఫ్రిది, స్టైరిస్, వాస్, కుర్ర రోహిత్ శర్మ, మన విశాఖ నుంచి వేణుగోపాలరావు. ఇంతమంది ఉండి 14 ఆటల్లో 12 ఓడి అట్టడుగున తేలారు. హైదరాబాద్‌లో ఆడిన ఏడూ పోయాయి. గెలిచిన రెండూ బయట ఊళ్లలోనే. ఏప్రిల్ 22న సొంత గడ్డ మీద తొలి ఆట, వీరేంద్ర సెహ్వాగ్ 41 బంతుల్లో 94 బాది ఢిల్లీని 13 ఓవర్లలోనే గట్టెక్కించాడు. రెండు రోజులకి వార్న్. ఇంకో మూడు రోజులకి నవీ ముంబైలో గిల్‌క్రిస్ట్ 42 బంతుల్లో సెంచరీ, ఒక్క వికెట్టూ పోకుండా 155 లక్ష్యం పన్నెండు ఓవర్లలో పూర్తి. అదే జట్టు, అదే వారం! ఆ మూడు స్కోరుకార్డుల్నీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

మరి ఈ ఓటమిది ఏ రసం? తొందరపడి కరుణ అనేస్తారు. నేనొప్పుకోను. కరుణ కావాలంటే 1899 నాటి క్లీవ్‌లాండ్ స్పైడర్స్ బేస్‌బాల్ జట్టుని చూడాలి. ఆ యజమానులే సెయింట్ లూయిస్ జట్టునీ కొనుక్కుని మంచి ఆటగాళ్లందర్నీ అక్కడికి తరలించారు. మిగిలినవాళ్లు 20 గెలిచి 134 ఓడారు, జట్టే లేకుండా పోయింది. 1962 న్యూయార్క్ మెట్స్‌ది హాస్యం. 120 ఓటములు, వాటి మీద మేనేజర్ కేసీ స్టెంగెల్ విసుర్లు. నాట్యశాస్త్రంలో భరతుడు కరుణకీ, ఎడబాటు శృంగారమైన విప్రలంభానికీ మధ్య గీసిన గీత ఒక్కటే: కరుణలో ఆశ ఉండదు, విప్రలంభంలో ఉంటుంది. ఛార్జర్స్‌ది అచ్చంగా విప్రలంభం. బలం చేతిలోనే ఉంది, గెలుపు మాత్రం ఊళ్లో లేదు. పైగా మెట్స్ తమ 120 ఓటముల్నీ అదృష్టం మీదికి తోసెయ్యలేరు. 160 ఆటల్లో ఎక్కువ తక్కువలు చాలావరకు సర్దుకుంటాయి. పద్నాలుగు ఆటల్లో సర్దుకునే వ్యవధే లేదు. మా పాచికలు పదేపదే చెప్పేది అదే.

మెట్స్ 1969లో వరల్డ్ సిరీస్ గెలిచారు, ఏడేళ్ల ఎదురుచూపు. ఛార్జర్స్‌కి ఏడాది చాలింది. 2009లో సాధారణ ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకి తరలింది, ఉప్పల్ అన్న మాటే లేకుండా పోయింది. గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో, జొహానెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరు మీద ఆరు పరుగుల తేడాతో కప్పు వచ్చింది. సొంత ఊరు వదిలితే గానీ కలయిక కుదరని నాయిక! 2012లో ఆ ఫ్రాంచైజీనే రద్దు చేశారు, అది వేరే అంకం.

మావాడికి 2009 కార్డులంటే ప్రాణం. ఆ కార్డులతో ఉప్పల్‌లో 2008 షెడ్యూలు ఆడిద్దామని పట్టుబట్టాడు. సరే అన్నాను. ప్రత్యర్థుల కార్డులు మాత్రం పాతవే ఉండాలన్నది నా షరతు. మొదటి ఆట ఢిల్లీతో పడింది. సెహ్వాగ్ మళ్లీ ఉతికేశాడు.