బర్మా టేకు పుట్టిల్లు

కోస్తా జిల్లాల్లో పాత మండువా ఇల్లు చూపించేవాళ్లు సింహద్వారం మీద చెయ్యేసి మరీ చెబుతారు, అది బర్మా టేకని. బర్మాలో ఏ కొండదో మాత్రం చెప్పలేరు. పెగూ యోమా అడవుల్లో ఏనుగులు ఈడ్చిన దుంగలు వాగుల్లో పడి, తెప్పలై రంగూన్ (ఇప్పటి యాంగోన్) చేరేవి. కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లిన మనవాళ్లు అక్కడి కోతమిల్లుల్లో పనిచేశారు. దుంగ మిల్లు గేటు దాటాక దాని పుట్టుక ఎవరికీ పట్టేది కాదు. ఆ పుట్టుకను ఆనవాలు పట్టే విద్య వృక్ష జన్యుశాస్త్రం.

దానికంటే ముందు వచ్చింది లెక్కపెట్టే విద్య. 1856లో డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు పెగూ టేకు అడవుల అధికారిగా వచ్చాడు. ఏనుగెక్కి అడవికి అడ్డంగా సాగుతూ, కనబడిన చెట్టునల్లా చుట్టుకొలతను బట్టి తరగతులుగా వేరుచేసి, వెదురు ముక్కల మీద చాకుతో గాట్లు పెట్టి లెక్క తేల్చాడు. నిర్ణీత చుట్టుకొలత దాటిన చెట్టునే కొట్టాలి, ఒకసారి కొట్టిన చోటికి మళ్లీ 30 ఏళ్లకు గానీ రాకూడదు అన్న పద్ధతికి పునాది అదే. నరకబోయే చెట్టు మొదలు చుట్టూ బెరడు, పైచెక్క తొలిచి, రెండు మూడేళ్లు నిలువునా ఎండనిచ్చేవారు. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది, ఎండింది తేలుతుంది. ఆ కాలానికి ఇంత ఓపికైన పద్ధతి మరొకటి లేదనే అంటాను.

కానీ చుట్టుకొలత చూసే కంటికి వంశం కనబడదు. నిటారుగా పెరిగినవి తరం తర్వాత తరం మిల్లుకు పోతుంటే, విత్తనం రాల్చే పని వంకరటింకర చెట్ల మీద పడుతుంది. ఎంత పోయిందో, ఏం మిగిలిందో తెలియాలంటే ఆకు కోసుకుని ల్యాబుకు రావాల్సిందే.

ఆకు కోయడంలోనే సగం నేర్పు ఉంది. పక్కపక్క చెట్లు తోబుట్టువులు కావచ్చు, కాబట్టి ఎడమెడంగా ఉన్నవాటినే ఎంచుకుంటారు. ఒక్కో అడవి నుంచి ముప్పై, నలభై చెట్లు. కొమ్మ అందకపోతే బెరడు కింది తడి పొరను బిళ్లలా తీస్తారు. దాన్ని సిలికా జెల్ గింజలున్న కవర్లో వేస్తారు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగాయంటే తడి పీల్చేశాయని గుర్తు, వెంటనే మార్చాలి. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత యాంగోన్‌లో కరెంటు గంటల లెక్కన వస్తోంది. అలాంటి ఊళ్లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు కంటే ఈ గింజల కవరే నమ్మకం.

టేకు లేతాకు నలిపితే వేళ్లు ఎర్రబడతాయి. మన పిల్లలకు అదో ఆట, ల్యాబు నడిపేవాళ్లకు తలనొప్పి. ఆకులోని ఆ రంగులు, ఫినాల్ పదార్థాలు డీఎన్‌ఏకు అంటుకుంటే తర్వాతి పని ఏదీ సాగదు. అందుకే ఆకును మెత్తగా నూరి, సీటాబ్ అనే రసాయనం, ఉప్పు కలిపిన ద్రావణంలో 65 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఫినాళ్లను పట్టుకోవడానికి పీవీపీ కలుపుతారు. క్లోరోఫామ్‌తో శుభ్రం చేసి, చల్లటి ఐసోప్రొపనాల్ పోస్తే ట్యూబులో తెల్లటి నూలుపోగుల్లా డీఎన్‌ఏ తేలుతుంది. పోగులు గోధుమరంగుకు తిరిగితే మళ్లీ మొదటికి.

తర్వాత పీసీఆర్, అంటే డీఎన్‌ఏలో కావాల్సిన ముక్కకు ఎన్నో నకళ్లు తీయడం. డీఎన్‌ఏలో రెండు మూడు అక్షరాలు పదేపదే వచ్చే చోట్లుంటాయి. అవి ఎన్నిసార్లు తిరిగి వస్తాయన్నది చెట్టుచెట్టుకూ మారుతుంది. ఒక్కో చోటికి తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. అలాంటి చోట్లు పదో పదిహేనో చూస్తే ఏ చెట్టు ఏ గుంపుదో తేలుతుంది. టేకు ప్రధానంగా పరపరాగ సంపర్కం మీద బతికే చెట్టు. తేనెటీగలాంటి పురుగులు మరో చెట్టు పుప్పొడి తేవాలి. నరికివేతతో చెట్లు దూరమైతే ఆ రాకపోకలు తగ్గి, దగ్గరి చుట్టాల మధ్యే సంతానం కలుగుతుంది.

సహజ టేకు పెరిగేది నాలుగు దేశాల్లోనే: భారత్, మయన్మార్ (పాత బర్మా), థాయ్‌లాండ్, లావోస్. జన్యు వైవిధ్యం మన దేశంలో ఎక్కువ, తూర్పుకు పోయేకొద్దీ తగ్గుతుంది. మయన్మార్ ఉత్తరాది టేకుకూ దక్షిణాది టేకుకూ తేడా కనబడింది. 2014 ఏప్రిల్ 1 నుంచి ఆ దేశం దుంగల ఎగుమతి ఆపేసింది. 2021లో అమెరికా, యూరప్ అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద ఆంక్షలు పెట్టాయి. కాబట్టి చెక్క ఎక్కడిదన్నది ఇప్పుడు చట్టం అడిగే ప్రశ్న. అయితే ఎండిన చేవలో డీఎన్‌ఏ చితికిపోయి ఉంటుంది. మన సింహద్వారం అంత తేలిగ్గా నోరు విప్పదు.

బతికున్న అడవులకు ఈ విద్య ఎక్కువ అక్కరకొస్తుంది. యాంగోన్ ఉత్తరపు అంచున మింగళాడోన్‌ను ప్రయాణికులు విమానాశ్రయంగానే ఎరుగుదురు. ఊరికి నీళ్లిచ్చే హ్లోగా చెరువు పక్కన 1982లో ఏర్పాటైన అటవీ పార్కూ అక్కడే ఉంది. చుట్టూ ఊరు కమ్ముకుని దీవిలా మిగిలిన ఏ అడవికైనా గండం ఒకటే: తరాలు గడిచేకొద్దీ అరుదైన గుణాలు జారిపోతాయి. చెట్లు పచ్చగానే ఉంటాయి కాబట్టి బయటికి తెలియదు. మన శేషాచలం ఎర్రచందనానికీ ఇదే పరీక్ష అవసరం. ఏప్రిల్ తొలి వానకు యాంగోన్ వీధుల్లో పసుపుపచ్చగా పూసే పడౌక్ చెట్టు దానికి దాయాదే, రెండూ టెరోకార్పస్ ప్రజాతివి.

1990లలో టేకు తోటల పేరుతో డిపాజిట్లు కట్టి మునిగినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఇప్పుడూ నర్సరీల్లో ‘మేలురకం టేకు’ బోర్డులు కనబడుతూనే ఉన్నాయి. మొక్క కొనే ముందు ఆ విత్తనం ఏ అడవిదో, ఎన్ని తల్లిచెట్ల నుంచి సేకరించిందో అడగండి. చెప్పలేకపోతే కొనకండి.