ఖాళీగా లేని ఖాళీ ఆబ్జెక్టు

ఇంగ్లీషు వ్యాసంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో జావాస్క్రిప్టులో లెక్కపెట్టమంటే చాలామంది చెయ్యి ముందు ఖాళీ ఆబ్జెక్టు మీదికే పోతుంది. మాటే కీ. దానికి ఇదివరకే లెక్క ఉంటే ఒకటి కలుపుతారు, లేకపోతే ఒకటితో మొదలుపెడతారు. ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది, వ్యాసంలో 'కన్‌స్ట్రక్టర్' అన్న మాట తగిలేదాకా. అప్పుడు అంకె రావలసిన చోట ఒక ఫంక్షన్ తాలూకు పాఠం, దాని తోకకు అతుక్కున్న 1 కనిపిస్తాయి. ప్రోటోటైప్ నుంచి వారసత్వంగా వచ్చిన పేర్లు ఆ ఆబ్జెక్టులో ముందే ఉన్నాయి మరి. తెలుగు వ్యాసంతో పరీక్షించిన వాళ్లకు ఈ తప్పు ఎప్పటికీ దొరకదు (ఆ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి కదా!).

1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ ఈ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఏ పనికైనా ఆబ్జెక్టు, లేకపోతే అర్రే. మ్యాప్, సెట్ 2015లో ఈఎస్6తో వచ్చాయి. ఆ మాటల లెక్కనే మ్యాప్‌లో రాస్తే చిక్కు లేదు. కొత్త మ్యాప్ నిజంగానే ఖాళీ.

చదవడానికి వీలుగా కోడ్ రాయడమంటే మంచి పేర్లు, ఇండెంటేషన్ అని అందరూ చెబుతారు. అవీ కావాలి. కానీ డేటాను దేనిలో పెట్టామన్నది అంతకన్నా ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. పేరు, ఊరు, పిన్‌కోడ్ వంటి ముందే తెలిసిన ఫీల్డులుంటే ఆబ్జెక్టు. కీలు నడుస్తున్నకొద్దీ పుట్టుకొచ్చేవైతే మ్యాప్. ఏదైనా ఒక్కసారే ఉండాలంటే సెట్. ఆ ఒక్క డిక్లరేషన్ చూస్తే రాసినవాడి ఉద్దేశం తెలిసిపోతుంది, పైన కామెంటు అక్కర్లేదు. ప్రోగ్రాము సారం పట్టికల్లో ఉంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే అన్నాడు. రాష్ట్రాన్ని బట్టి కొరియర్ ఛార్జీ తేల్చే ఇరవై ఇఫ్-ఎల్స్‌లను ఒక చిన్న పట్టికగా మార్చి చూడండి, ఆయన మాట అర్థమవుతుంది.

వేగం సంగతి క్లుప్తంగా చెప్తాను. పదివేల పేర్లలో ఒక్కొక్కటీ మరో పదివేల పేర్ల అర్రేలో ఉందా అని 'ఇన్‌క్లూడ్స్'తో వెతికితే పోలికలు 10 కోట్ల దాకా పోవచ్చు. సెట్‌లో 'హ్యాజ్' అని అడిగితే ప్రతిసారీ మొత్తం తిరగాల్సిన పని ఉండదు.

వరస దగ్గర ఇంకో మెలిక ఉంది. ఆసుపత్రి టోకెన్లు 12, 5, 30 వరసలో వచ్చాయనుకోండి. వాటిని ఆబ్జెక్టు కీలుగా పెడితే తిరిగి 5, 12, 30గా బయటికొస్తాయి, ఎందుకంటే అంకెల్లాంటి కీలను అది చిన్న నుంచి పెద్దకు పేరుస్తుంది. ముందొచ్చినవాళ్లు వెనక్కి పోతారు! మ్యాప్ మాత్రం పెట్టిన వరస చెడనివ్వదు.

అలాగని మ్యాప్‌ను నేరుగా జేసన్‌గా మార్చబోతే లోపల ఎన్ని టోకెన్లున్నా ఖాళీ ఆబ్జెక్టే వస్తుంది. సర్వరుకు పంపేముందు 'ఆబ్జెక్ట్.ఫ్రమ్ఎంట్రీస్'తో ఆబ్జెక్టు చేయవచ్చు, కానీ అప్పుడు టోకెన్ల వరస మళ్లీ చెడుతుంది. వరస కావాలంటే కీ-విలువ జతల అర్రేగానే పంపాలి.