టోంగ్‌సిన్‌లువో: ఒక చైనా గుండెమందుపై విమర్శ

చైనా భాషలో 'టోంగ్' అనగా అడ్డు తొలగించి దారి చేయడం. 'సిన్' అనగా గుండె. 'లువో' అనగా శరీరమంతటా అల్లుకొన్న సన్నని నాళాల వల. ఈ మూడు మాటలను కలిపి పేరు పెట్టిన టోంగ్‌సిన్‌లువో అనే క్యాప్సూలు, గుండెనొప్పికీ పక్షవాతానికీ మందుగా 1996లో చైనా ప్రభుత్వ అనుమతి పొందినది.

దీనిని మూలికా ఔషధమని పిలవడం పరిపాటి. కాని అందులోని ద్రవ్యాల జాబితా చదివినవారు ఆ మాటకు కొంత తడబడక తప్పదు. జిన్సెంగ్ వేరు, ఎర్ర పియోనీ వేరు, గంధపుచెక్క, సాంబ్రాణి, కర్పూరాన్ని పోలిన బోర్నియోల్ ఒక వైపు. తేలు, జలగ, జెర్రి, ఒక జాతి బొద్దింక, సికాడా పురుగు విడిచిన కుబుసం మరొక వైపు. చదివి నవ్వుకొని పక్కన పెట్టడం సులభమే. అయితే బూజు పట్టిన గాజు పళ్లెంలో పెన్సిలిన్ దొరికిన తరువాత, ద్రవ్యం పుట్టుకను చూసి ఔషధాన్ని వెక్కిరించడం శాస్త్ర విద్యార్థికి తగదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: రోగికి మేలు జరిగినదా, జరిగితే ఎంత?

ఆ ప్రశ్నకు సమాధానంగా 2023 అక్టోబరులో అమెరికన్ వైద్య సంఘపు పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. బీజింగ్‌లోని ఫూవాయ్ ఆసుపత్రికి చెందిన యాంగ్ యుయెజిన్ దానికి నాయకుడు. హృద్ధమని పూర్తిగా మూసుకుపోయి తీవ్రమైన గుండెపోటు వచ్చి, 24 గంటలలోపు ఆసుపత్రి చేరినవారిని చైనాలోని 124 ఆసుపత్రులలో 2019 మే నుండి 2020 డిసెంబరు వరకు ఎంపిక చేశారు. లెక్కకు వచ్చినవారు 3,777 మంది. చీట్లు వేసినట్లు వారిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు అసలు మందు, రెండవ జట్టుకు చూపుకు అలాగే ఉన్న ఉత్తుత్తి మందు 12 నెలలపాటు ఇచ్చారు. ఎవరికి ఏది అందుతున్నదో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. సంప్రదాయ వైద్యాలను సమర్థించేవారు ఇటువంటి పరీక్షకు సాధారణంగా ముందుకు రారు, ఇక్కడ వచ్చారు. ఆ మేరకు ఈ పరిశోధన ప్రశంసార్హమే.

ఫలితాలు చూద్దాం. గుండె కారణంగా మరణం, తిరిగి గుండెపోటు, పక్షవాతం, మూసుకుపోయిన ధమనికి అత్యవసరంగా మరల చికిత్స - ఈ నాలుగింటిలో ఏదో ఒకటి మొదటి 30 రోజులలో మందు జట్టులో 3.4 శాతం మందికి, ఉత్తుత్తి మందు జట్టులో 5.2 శాతం మందికి సంభవించినది. ఏడాది గడిచేసరికి ఈ అంకెలు 5.3, 8.3 అయినవి.

ఈ అంకెలను రెండు విధాలుగా చెప్పవచ్చు. 5.2 నుండి 3.4కు తగ్గడమంటే మూడవ వంతుకు పైగా ప్రమాదం తగ్గినట్లే. ప్రకటనలు వ్రాసేవారికి నచ్చే లెక్క ఇది. రెండవ లెక్క ఇంత గట్టిగా మోగదు: 100 మందికి మందు ఇస్తే ఇద్దరికన్నా తక్కువమందికి ప్రమాదం తప్పినది, అనగా సుమారు 55 మంది మింగితే మొదటి నెలలో ఒకరికి ప్రయోజనం. రెండూ నిజమే. గుండెపోటు వంటి వ్యాధిలో 55లో ఒకరు చిన్న సంగతి కాదు కూడా. కాని మొదటి లెక్కను మాత్రమే చెప్పి రెండవదానిని దాచడం న్యాయం కాదు. పైగా అసలు తగ్గుదల 12 శాతం నుండి 53 శాతం వరకు ఎక్కడైనా ఉండవచ్చునని పరిశోధకుల గణితమే చెబుతున్నది. తరగతిలో సంభావ్యత బోధించే ఉపాధ్యాయులకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మరొక అంశం మీద ప్రచారంలో అంతగా చూపు నిలవదు. అన్ని కారణాల వల్ల ఏడాదిలో సంభవించిన మరణాలను లెక్కించినప్పుడు, రెండు జట్ల మధ్య యాదృచ్ఛికం కాదని చెప్పగలిగినంత తేడా కనిపించలేదు. మందు వల్ల దుష్ఫలితాలు స్వల్పమే; అవి 2.1 శాతం, రెండవ జట్టులో 1.1 శాతం. ఎక్కువగా జీర్ణకోశపు బాధలు.

ఇక ఈ మందు ఎలా పనిచేస్తున్నది? ఇక్కడే చిక్కు ఉన్నది. జలగ కరిచిన చోట రక్తం గడ్డకట్టక కారుతూనే ఉంటుందని చెరువులో దిగిన ప్రతివానికీ తెలుసు. దాని లాలాజలంలో రక్తాన్ని గడ్డకట్టనీయని పదార్థం ఉన్నదని హేక్రాఫ్ట్ 1884లో చూపాడు, అదే హిరుడిన్. దాని నమూనాపై తయారైన బైవాలిరుడిన్‌ను నేటి హృద్రోగ వైద్యులు సూదిమందుగా వాడుతున్నారు. కాబట్టి రహస్యమంతా జలగలోనే ఉన్నదని అనిపించవచ్చు. కాని హిరుడిన్ ఒక ప్రోటీను. నోటి ద్వారా మింగితే జీర్ణకోశం దానిని పప్పునూ గుడ్డునూ అరిగించినట్లే అరిగిస్తుంది. మూసుకుపోయిన ధమనిని తెరిచిన తరువాత కూడా గుండె కండరంలోని సూక్ష్మనాళాలలోకి రక్తం సరిగా ప్రవేశించకపోవడం కద్దు. ఈ మందు ఆ నాళాల లోపలి పొరను కాపాడుతుందని జంతువులపై చేసిన ప్రయోగాలు సూచిస్తున్నవి. అయితే ఆ పని ఏ ద్రవ్యానిది? జిన్సెంగ్‌దా, తేలుదా? పనితీరు ఇంకా తేలవలసి ఉన్నదని పరిశోధకులే తమ పత్రం చివర ఒప్పుకొన్నారు.

ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే వైద్యునికి 1775లో ఇటువంటి కలగూరగంపే ఎదురైనది. ఒళ్లు నీరు పట్టి ఉబ్బే జబ్బుకు ష్రాప్‌షైర్‌లో ఒక వృద్ధురాలు రహస్యంగా ఇచ్చే మందులో 20 లేక అంతకన్నా ఎక్కువ మూలికలు ఉండేవి. వాటిలో పనిచేసేది డిజిటాలిస్ మొక్క ఒక్కటేనని అతడు పసికట్టాడు. పది సంవత్సరాలు రోగులను గమనించి, మోతాదు నిర్ణయించి, 1785లో గ్రంథం ప్రకటించాడు. మోతాదు మించితే ఆ ఆకు ప్రాణం తీస్తుంది. కనుక ఆ వేరుచేయడం వట్టి పాండిత్య కుతూహలం కాదు. టోంగ్‌సిన్‌లువో విషయంలో ఆ పని మిగిలే ఉన్నది. ఒక్కొక్క ద్రవ్యాన్ని తొలగించి పరీక్షించాలి. చైనా వెలుపల, వేరే ఆహారం, వేరే అలవాట్లు గల ప్రజలలోనూ పరీక్షించాలి.

ఇంకొక సంగతి. గుండెజబ్బుకు తేలు మందు పనిచేస్తుందని రుజువైనట్లు ఈ పరిశోధనను చెప్పుకొంటే వినేవారు పొరబడతారు. ఈ రోగులందరూ ఆసుపత్రిలో నేటి చికిత్స పొందినవారే. అత్యధికులకు ధమనిని తెరిచి స్టెంటు అమర్చారు; గడ్డలను నివారించే మందులు ఇచ్చారు. క్యాప్సూలు వాటికి అదనంగా ఇచ్చినదే గాని వాటి బదులు కాదు. ఆ 3,777 మందిలో ఛాతీనొప్పికి క్యాప్సూలు మింగి ఇంటివద్ద కూర్చున్నవారు ఒక్కరూ లేరు.